బ్లడ్ ప్యారెట్ చేప హైబ్రిడ్ కదా, ఎన్నేళ్లు బతుకుతుంది?

బాగా చూసుకుంటే 10 నుంచి 15 ఏళ్లు. హైబ్రిడ్ అయినంత మాత్రాన ఆయుష్షు తగ్గిపోదు. ఇబ్బందంతా దాని ఆకారంతోనే. నోరు పూర్తిగా మూసుకోదు కాబట్టి మేతను గొంతులోని పళ్లతోనే నలుపుకోవాలి. మెల్లగా మునిగే చిన్న గుళికలు వేయండి. చురుకైన చేపలతో కలిపితే దీనికి మేత దక్కదు. కొన్నింటికి ఈత తిత్తి (నీళ్లలో తేలడానికి తోడ్పడే లోపలి గాలి సంచి) వంకరగా ఉండి ఒరుగుతూ ఈదుతాయి.

రెండేళ్లకే చనిపోతోందంటే ముందు అనుమానించాల్సింది చిన్న తొట్టిని, అందులో చేప వ్యర్థాల వల్ల పేరుకున్న అమ్మోనియా అనే విషాన్ని. ఒక్క చేపకే 100 లీటర్ల పైన నీళ్లు కావాలి, వేడి 25–28 డిగ్రీలు ఉండాలి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి, కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాకే పోయండి. రంగు ఇంజెక్షన్ ఇచ్చినవీ, గుండె ఆకారం కోసం తోక కోసినవీ మాత్రం కొనకండి. ఆ గాయాలతో ఇన్‌ఫెక్షన్లు సులువుగా సోకుతాయి.