టెక్ సందేహాలు: మునిగిన ఓడ, మొరాయించే ల్యాప్‌టాప్

ప్రశ్న: ఎడిటింగ్ పని చేస్తుంటాను. సముద్రం అడుగున ఉన్న ఓడ మీద తీస్తున్న డాక్యుమెంటరీ ఫుటేజీ 3 టీబీ చేతికొచ్చింది. అన్నీ రోబో కెమెరాతో తీసినవే. అంతా నీలంగా ఉంది, ఎరుపు పెంచితే గింజలు గింజలుగా పగిలిపోతోంది. ప్లే చేస్తే ఆగి ఆగి నడుస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? – పాఠకుడు, అనంతపురం

రంగుల సంగతి తర్వాత, ముందు కాపీలు చూసుకోండి. ఆ యాత్ర మళ్లీ జరగదు, పోయిన షాట్ తిరిగి రాదు. వేర్వేరు డ్రైవ్‌లలో రెండు కాపీలు తీసి, ఒకటి ఇంకో ఇంట్లో పెట్టండి. టెరాకాపీ అనే కాపీ సాఫ్ట్‌వేర్‌లో ‘వెరిఫై’ పెట్టి కాపీ చేస్తే ఎక్కడైనా ఫైల్ దెబ్బతింటే అప్పుడే తెలుస్తుంది.

తర్వాత కోడెక్, అంటే వీడియోను కుదించి దాచే పద్ధతి, ఏదో చూడండి. సెకనుకు 100 మెగాబిట్ల హెచ్.265 అయితే గంటకు 45 జీబీ, అంటే మీ దగ్గరున్నది 66 గంటల పైమాటే. సెకనుకు 30 ఫ్రేముల 4కే ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అయితే గంటకే దాదాపు 400 జీబీ, మొత్తం కలిపినా ఏడున్నర గంటలు. ఆగిపోవడానికి కారణం రెండింటికీ వేరు. హెచ్.265లో ఒక ఫ్రేమ్ చూపాలంటే చుట్టుపక్కల ఫ్రేములను కూడా విప్పాలి, ఆ భారం ప్రాసెసర్ మీద పడుతుంది. ప్రోరెస్‌ను విప్పడం తేలికే కానీ సెకనుకు 110 ఎంబీ చదవాలి, పాత బయటి హార్డ్‌డిస్క్ అంత వేగం అందుకోలేదు.

రెండింటికీ మందు ఒక్కటే, ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకళ్లు. వాటిని చేయడానికి డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ చాలు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ రిజల్యూషన్ ‘క్వార్టర్’ పెట్టి, అవి ల్యాప్‌టాప్ లోపలి ఎస్‌ఎస్‌డీలో చేరేలా ఫోల్డర్ ఎంచుకోండి. క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి, రైట్‌క్లిక్‌తో ‘జనరేట్ ప్రాక్సీ మీడియా’ నొక్కి, రాత్రంతా వదిలేయండి. చివర్లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ‘యూజ్ ప్రాక్సీ మీడియా’కు టిక్ లేకుండా చూసుకోండి.

చాలామంది బోల్తా పడే చోటు ఇంకోటుంది. యాత్రవాళ్లు రాసే డైవ్ లాగ్‌లో సమయం సాధారణంగా యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటుంది, మన గడియారం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. లాగ్‌లో ‘12వ తేదీ 21:40, లంగరు’ అని ఉంటే మీ కంప్యూటర్ ఆ ఫైల్‌ను 13వ తేదీ తెల్లవారుజాము 3:10గా చూపుతుంది. తేదీ కూడా మారిపోతుంది కాబట్టి లంగరు షాటే తీయలేదనుకుని నిర్మాతకు ఫోన్ చేసేస్తారు.

ఇక నీలం. 1,000 మీటర్ల కింద సూర్యకాంతి ఉండదు, వెలుతురంతా రోబో దీపాలదే. ఓడ 2 మీటర్ల దూరంలో ఉంటే ఆ వెలుగు వెళ్లి వచ్చేసరికి 4 మీటర్ల నీటిని దాటాలి. నీరు ముందుగా మింగేది ఎరుపునే. కెమెరాకు చేరని ఎరుపును మీరు స్లైడర్‌తో పెంచితే పెరిగేది నాయిసే, అంటే మీకు కనిపిస్తున్న ఆ గింజలే. అందుకే ముందు నాయిస్ తగ్గించి, ఆర్‌జీబీ మిక్సర్‌లో ఆకుపచ్చను కొద్దిగా ఎరుపు ఛానల్‌లోకి పంపండి. ఆటో బ్యాలెన్స్ జోలికి మాత్రం పోవద్దు, తుప్పు పట్టిన గోధుమరంగును అది లోపం అనుకుని చల్లార్చేస్తుంది. ఫ్రేములో రోబో చెయ్యి మీది తెల్ల రంగో, కొలబద్దో కనిపిస్తే దాన్ని ఆధారం చేసుకోండి. రోబో దగ్గరికి జరిగేకొద్దీ ఎరుపు తిరిగొస్తుంది కాబట్టి కీఫ్రేములు, అంటే షాట్ మధ్యలో సెట్టింగ్ మారేలా పెట్టే గుర్తులు, తప్పవు. జంటగా కనిపించే రెండు లేజర్ చుక్కలను చెరపకండి. వాటి మధ్య దూరం, సాధారణంగా 10 సెంటీమీటర్లు, ఎంతో యాత్రవాళ్లనే అడగండి. వస్తువు కొలత చెప్పేది అవే.

ప్రశ్న: అంత లోతు నుంచి పడవలోకి వీడియో ఎట్లా వస్తుంది? వైఫైనా? – డిగ్రీ విద్యార్థిని, కడప

వైఫై కాదు, తీగే. ఉప్పునీటిలో రేడియో తరంగాలు కొద్ది దూరంలోనే ఆరిపోతాయి, జీపీఎస్ కూడా అందదు. 1985 సెప్టెంబర్ 1న టైటానిక్ బాయిలర్ మొదట కనిపించింది, ‘నార్’ అనే పరిశోధన ఓడ కేబుల్‌తో లాగుతున్న ‘ఆర్గో’ అనే మనిషిలేని పరికరం కెమెరాల్లోనే. ఇప్పుడు ఫైబర్ తీగలు వాడుతున్నారు. రోబో ఎక్కడుందో ధ్వనితో కనుక్కుంటారు. నీటిలో ధ్వని వేగం సెకనుకు 1,500 మీటర్లు. టైటానిక్ ఉన్న 3,800 మీటర్లకు వెళ్లి రావడానికి ఐదు సెకన్లు పడుతుంది. అక్కడ 10 సెంటీమీటర్ల వెడల్పున్న కెమెరా అద్దం మీద పడే బరువు సుమారు 30 టన్నులు. పది చక్రాల లారీ నిండా మీ ఎర్రగుంట్ల నాపరాళ్లు వేస్తే ఎంత తూగుతుందో దాదాపు అంత. అందుకే కెమెరాను టైటానియం గొట్టంలో పెడతారు.

ప్రశ్న: శ్రీశైలం నీళ్లలో మునిగిన సంగమేశ్వరం గుడిని గోప్రోతో తీయొచ్చా? – పాఠకుడు, కర్నూలు

అధికారుల అనుమతి తీసుకుని, లైఫ్ జాకెట్‌తో, మరబోటు మీది నుంచి కర్రకు కట్టి దించండి. మీరు మాత్రం నీళ్లలో దిగొద్దు. గోప్రో హీరో 9 నుంచి 12 వరకు కెమెరాలు విడిగా 10 మీటర్ల లోతు, డైవ్ హౌసింగ్ అనే నీరు చొరని పెట్టెలో 60 మీటర్ల లోతు తట్టుకుంటాయి. లోతు కన్నా బురదే అడ్డం. వరద నీరు ఎర్రగా ఉన్నప్పుడు మూరెడు దూరం కూడా కనబడదు, నీరు తేటపడే వరకు ఆగండి. దీపాన్ని లెన్స్‌కు ఆనించి పెట్టకుండా, జానెడు పక్కకు జరిపి బిగించండి. లేకపోతే నీటిలోని నలుసులన్నీ మంచులా మెరుస్తాయి.

వేడిగా ఉన్న ఒడ్డున హౌసింగ్ మూస్తే లోపలి తేమ చల్లటి నీటిలో అద్దం మీద ఆవిరిలా పేరుకుంటుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు, సిలికా జెల్ పొట్లం వేసి మూయండి. మూసే ముందు రబ్బరు రింగును వేలితో నిమిరి చూడండి. ఒక్క వెంట్రుక ఉన్నా నీరు దిగుతుంది. ముందు కెమెరా లేకుండా ఖాళీ హౌసింగ్‌లో పొడి టిష్యూ పెట్టి అరగంట నీటిలో ముంచండి. టిష్యూ తడవకపోతేనే కెమెరా పెట్టండి.