విదేశాలకు పార్సిల్ పంపే ముందు: పెదనాన్న ఉత్తరం

అమ్మలూ,

మంగళగిరి చీరలకు జర్మనీ నుంచి ఆర్డర్లు వస్తున్నాయని మీ నాన్న చెప్పాడు. సంతోషం. ఇన్నేళ్లు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి కదా, ఊరుకోలేక రాస్తున్నాను.

మన తపాలావాళ్లు నీ పార్సిల్‌ని మ్యూనిక్ గుమ్మం దాకా మోసుకెళ్లరు. ఇక్కడ కస్టమ్స్ చూశాక సంచీలో వేసి విమానం ఎక్కిస్తారు, అంతే. అక్కడ దిగాక పని జర్మనీ వాళ్లది. 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో 22 దేశాలు చేసుకున్న ఒప్పందం అది. మనం 1876లో చేరాం. ఇప్పుడు 192 దేశాలున్నాయి.

ఇందులో ఓ తమాషా ఉంది. దాదాపు వందేళ్లు, వచ్చిన ఉత్తరాన్ని పంచిపెట్టిన దేశానికి పైసా ముట్టేది కాదు. ఉత్తరానికి జవాబు ఎలాగూ వెళ్తుంది, ఆ స్టాంపు డబ్బులు మీవే కదా అని లెక్క! ఒకవైపు నుంచే సరుకు పోటెత్తితే ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది? 1971 నుంచి పంపిన దేశమే పంపిణీ ఖర్చు ఇస్తోంది. ఆ రేట్ల గొడవలోనే 2019లో అమెరికా బయటికి పోతానని బెదిరించి, జెనీవాలో రాజీపడింది. చార్జీ చూసి "ఇంతా!" అనుకున్నప్పుడు ఇది గుర్తుచేసుకో.

ఇక కస్టమ్స్ ఫారం. ఊరికే "బట్టలు" అని రాస్తే చాలదు. నూలు చీర, ఒకటి, బరువెంత, ధరెంత, అన్నీ ఇంగ్లీషులో విడివిడిగా రాయి. అమ్మిన చీరని గిఫ్టని రాయమని కస్టమర్ బతిమాలినా ఒప్పుకోకు, పట్టుబడితే ఆగేది నీ సరుకే. అక్కడ పన్ను పడితే తనే కట్టుకోవాలని ముందే చెప్పు. డెలివరీ కాకపోతే వెనక్కి పంపాలా, వదిలేయాలా అని పార్సిల్ ఫారంలో అడుగుతారు. అది నింపకుండా రావద్దు.

రసీదు మీద 13 అక్షరాల నంబరు ఉంటుంది, చివర ఐఎన్ అంటే ఇండియా. మధ్యలో తొమ్మిది అంకెలు. తొమ్మిదోది మొదటి ఎనిమిదింటి నుంచి లెక్కగట్టి వేసేది, కాబట్టి ఒక అంకె తప్పు కొడితే చాలావరకు కంప్యూటరే పట్టేస్తుంది. దేశం దాటాక ట్రాకింగ్ కొన్ని రోజులు కదలదు. అక్కడివాళ్లు స్కాన్ చేసేదాకా అంతే, టెన్షన్ పడకు. నిజంగానే రాకపోతే ఆరు నెలల్లోపు, నువ్వు పంపిన మన పోస్టాఫీసులోనే ఫిర్యాదు చెయ్యి. రసీదు పారేశావో, నేనూ ఏం చేయలేను.

అమెరికా ఆర్డర్ వస్తే డబ్బు తీసుకునే ముందే కౌంటర్లో అడుగు. 2025 ఆగస్టులో వాళ్ల సుంకం నిబంధన మారి మన పార్సిళ్లు ఆగిపోయాయి, అక్టోబరులో గాని మొదలుకాలేదు.

ఉంటాను,
పెదనాన్న