జాంజిబార్ వచ్చేముందు పెద్దమ్మ చెప్పే మాటలు

చిరంజీవి అమ్మాయికి, టాంజానియాలోని దారెస్సలాం నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లలకు వేసవి సెలవులు ఇవ్వగానే, ఏప్రిల్ నెలాఖరులో మా దగ్గరి జాంజిబార్ దీవికి వద్దామనుకుంటున్నామని రాశావు. ముందు ఆ ఆలోచన మానుకో తల్లీ. మనకు ఎండలు మండిపోయే ఆ రోజులే అక్కడ పెద్ద వానల కాలం. మార్చి నడిమి నుంచి మే చివరి దాకా 'మసికా' వానలు పట్టుకుంటే ఒక్కోసారి రోజంతా వదలవు. చాలా హోటళ్ళు ఆ నెలల్లో మూసేసి మరమ్మతులు చేసుకుంటాయి. గదులు సగం ధరకే దొరుకుతున్నాయని అల్లుడుగారు మురిసిపోతున్నారట, దానికి కారణం ఇదే. దసరా సెలవులకు రండి, కాకపోతే సంక్రాంతికి రండి. దసరా నాటికి ఎండ మరీ ముదరదు, చిన్న వానలు ఇంకా దిగవు. సంక్రాంతికి ఉక్కపోత ఉంటుంది కానీ అది మనకు అలవాటైనదే.

సంక్రాంతికి వస్తే ఇంకో మేలు కూడా ఉంది. అప్పుడు ఈశాన్యం నుంచి 'కస్కజి' గాలి వీస్తుంది. ఆ గాలిని పట్టుకునే వందల ఏళ్ళ పాటు గుజరాత్‌లోని కచ్ నుంచి, అరేబియా రేవుల నుంచి తెరచాప ఓడలు ఇక్కడికి వచ్చాయి. దక్షిణం నుంచి 'కుసి' గాలి లేచేదాకా తిరిగి వెళ్ళే వీలు లేదు కాబట్టి వర్తకులు నెలల తరబడి ఇక్కడే ఉండేవారు. ఆ ఉండిపోవడంలోనే వ్యాపారాలు కుదిరాయి, పెళ్ళిళ్ళు జరిగాయి, వంటలు కలిశాయి. ఆఫ్రికా తీరపు మనుషులు, అరబ్బులు, మనవాళ్ళు కలిసి బతికిన ఆ బతుకే స్వాహిలి సంస్కృతి. పిల్లలకు తెరచాప పడవ చూపించి ఈ కథ చెప్పు. బడిలో చదివిన ఋతుపవనాలు ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

ఇక మీ కార్యక్రమం సంగతి. వారం రోజుల్లో నాలుగు తీరాలు, రెండు దీవులు, ఒక అడవి అని పట్టిక వేశారు. అంతా కారులోనే గడిచిపోతుంది. నా మాట విని మూడు రాత్రులు రాతి పట్నంలో, అదే స్టోన్ టౌన్‌లో ఉండండి. మిగతా రోజులన్నీ ఒకే ఒక తీరంలో గడపండి. విమానం దిగగానే సముద్రం దగ్గరకు పరుగెత్తే వాళ్ళను ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. వాళ్ళు తెల్లటి ఇసుక చూసి, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. ఆ ఇసుక మీద బతుకుతున్న మనుషులు ఎవరో వాళ్ళకు చివరిదాకా తెలియదు. పట్నం ముందు చూస్తే తీరం అర్థమవుతుంది.

స్టోన్ టౌన్‌ను 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. సందులు ఇరుకు, కార్లు దూరవు, దారి తప్పడం ఖాయం. తప్పినా భయం లేదు, ఏదో ఒక సందు మిమ్మల్ని సముద్రం ఒడ్డుకు చేరుస్తుంది. చీకటి పడ్డాక మాత్రం మనుషులు తిరిగే వీధుల్లోనే నడవండి. తలుపులను తీరిగ్గా చూడండి. పైన కమాను తిరిగి, చిన్న చిన్న పలకలతో, ఇత్తడి బొడిపెలతో ఉన్నవి మన దేశపు పనితనం ఉన్న తలుపులు. పైభాగం చదునుగా ఉండి, అడ్డుపట్టీ మీద అరబ్బీ అక్షరాలు చెక్కినవి అరబ్బుల ఇళ్ళవి. ఇళ్ళ ముందు గోడను ఆనుకుని మన వీధి అరుగుల లాంటివే ఉంటాయి, వాటిని 'బరాజా' అంటారు. సాయంత్రం పెద్దవాళ్ళు వాటి మీద చేరి కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటారు. మీ అత్తగారికి కాళ్ళు నొప్పి పుడితే అక్కడ కూర్చోబెట్టు, ఎవరూ ఏమీ అనుకోరు. రేవు దగ్గర చెక్క నగిషీల వసారాలతో పాత డిస్పెన్సరీ భవనం కనిపిస్తుంది, అది తారియా తోపన్ అనే కచ్ వర్తకుడు కట్టించినది. జాంజిబార్‌ను ఏలిన సుల్తాన్ బర్గష్ 1883లో కట్టించిన 'బేత్ అల్ అజాయిబ్', అంటే వింతల ఇల్లు, అనే పెద్ద భవనం కూడా ఆ పక్కనే. 2020 డిసెంబరులో అందులో కొంత భాగం కూలిపోయింది.

ఆంగ్లికన్ చర్చికి తప్పకుండా వెళ్ళండి. విహారానికి వచ్చి ఇదెందుకని అనుకోవద్దు. ఒకప్పుడు ఆ చోట బానిసల సంత జరిగేది. లోపలి భూభాగం నుంచి ఆడవాళ్ళను, మగవాళ్ళను, పిల్లలను గొలుసులతో నడిపించుకొచ్చి అక్కడ అమ్మేవారు. 1873లో సుల్తాన్ బర్గష్ బ్రిటిష్ వాళ్ళ ఒత్తిడికి లొంగి ఆ సంతను మూయించాక, అదే స్థలంలో చర్చి కట్టారు. మనుషులను కట్టి కొట్టిన చెట్టు ఉండేదని చెప్పే చోటే ఇప్పుడు పూజావేదిక ఉంది. బయట ఒక గోతిలో మెడలకు గొలుసులతో నిలబడిన ఐదు రాతి విగ్రహాలు ఉంటాయి. వాటికి వేసినవి ఆ కాలపు అసలు గొలుసులే. పెద్దవాడికి పన్నెండేళ్ళు వచ్చాయి కదా, వాడికి అన్నీ దాచకుండా చెప్పు. ఈ వ్యాపారానికి అప్పులిచ్చిన వాళ్ళలో మన దేశం నుంచి వచ్చిన వర్తకులు కూడా ఉన్నారు, అది కూడా చెప్పు. చిన్నదానికి నీకు తోచినంత చెబితే చాలు. ఆ పూట ఇంకే కార్యక్రమం పెట్టుకోకండి.

మీ అత్తగారి భోజనం గురించి నువ్వు పడుతున్న బెంగ నాకు తెలుసు. ఆవిడకు ఇక్కడ పస్తులుండే పని లేదు. కొబ్బరిపాలతో వండిన అన్నం 'వలి వ నజి', కొబ్బరిపాలలో ఉడికించిన చిక్కుడు గింజల కూర 'మహరగే', వాటి పక్కన 'మ్చిచా' ఉంటే కడుపు నిండిపోతుంది. మ్చిచా అంటే మన తోటకూరే. చపాతీ, సమోసా, బజ్జీ మన గుజరాతీ వాళ్ళ పుణ్యమా అని ఇక్కడి వంటలైపోయాయి. కానీ ఒక జాగ్రత్త. శాకాహారం అని చెబితే మాంసం ఒక్కటీ తీసేసి చేప వేసి పెడతారు, ఎందుకంటే ఇక్కడ చాలామంది లెక్కలో చేప మాంసం కాదు. అందుకని 'బిలా న్యామా, బిలా సమాకి, బిలా మయాయ్' అని మూడూ కలిపి చెప్పాలి. మాంసం, చేప, గుడ్డు ఏవీ వద్దని. కాగితం మీద రాసి ఆవిడ చేతి సంచిలో పెట్టు. వేపుళ్ళు చేసే నూనె మాత్రం చేపలు వేయించినదే కావచ్చు, ఆవిడ పట్టింపు ఎంతో చూసుకో.

మీరు నలుగురూ 'ఉరోజో' తినండి. మామిడి, నిమ్మ పులుపుతో పసుపుపచ్చని పలుచటి పులుసు, అందులో బజ్జీలు, ఉడికిన ఆలుగడ్డ, పైన కర్రపెండలం వేపుడు ముక్కలు, కొబ్బరి చట్నీ, కారం. మాంసం వద్దంటే వేయరు. పగటిపూట వీధుల్లో జనం ఎక్కువగా ఉన్న దుకాణం చూసి కూర్చోండి. సాయంత్రం ఫొరోధాని తోటలో రేవు పక్కనే తిండి బళ్ళు పెడతారు. అక్కడ అల్లం, నిమ్మ వేసి తీసిన చెరకు రసం తాగండి. పుల్లలకు గుచ్చిన చేప ముక్కలు కొనేటట్టయితే ధర ముందే అడగండి, మీ కళ్ళ ముందు కాల్చినది తప్ప పేర్చి పెట్టినది తీసుకోకండి.

మసాలా తోటల యాత్ర ఒక పూట చాలు. లవంగాలు మనకు డబ్బాలో కనిపించేవే, కానీ చెట్టు మీద అవి లేత ఆకుపచ్చ, గులాబి రంగు మొగ్గలు. కోసి చాపల మీద ఎండబెడితే నల్లబడతాయి. జాజికాయ చూడటం నాకు మరీ ఇష్టం. లేత పసుపు పండును కత్తితో రెండుగా చీలిస్తే, లోపల నిగనిగలాడే నల్లటి గింజ, దాని చుట్టూ ఎర్రటి వలలా జాపత్రి అల్లుకుని ఉంటుంది. మనం విడివిడిగా కొనే రెండు సుగంధాలూ ఒకే పండులోవని పిల్లలు అక్కడ కళ్ళారా చూస్తారు.

ఇప్పుడు తీరం. ఏ హోటలు బాగుంటుందని అడిగావు. హోటలు కంటే ముందు తిథి చూసుకోవాలి. ఇక్కడ ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ నీటి మట్టం దాదాపు నాలుగు మీటర్లు ఎక్కి దిగుతుంది. తూర్పు తీరంలోని పాజె, జంబియాని ఊళ్ళలో ఆ రోజుల్లో పొద్దున పది, పదకొండు గంటల వేళకు సముద్రం కిలోమీటరు దాకా వెనక్కి పోతుంది. ఈతకు వచ్చిన వాళ్ళు మోకాలి లోతు నీళ్ళు కూడా లేవని గొణుగుతారు. పిల్లలు ఎప్పుడంటే అప్పుడు నీళ్ళలో దిగాలంటే ఉత్తరాన నుంగ్వి, కెండ్వా వైపు ఉండండి, అక్కడ నీరు అంత దూరం పోదు. నన్నడిగితే మాత్రం జంబియానికే వెళ్ళమంటాను. పోటు సమయం రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది, దాన్ని బట్టి భోజనం, నిద్ర, ఈత సర్దుకుంటే సరిపోతుంది.

ఎందుకు జంబియాని అంటున్నానో చెబుతాను. నీరు వెనక్కి పోయాక అక్కడి ఆడవాళ్ళు కాంగాలనే రంగురంగుల బట్టలు చుట్టుకుని సముద్రంలోకి నడుస్తారు. ఇసుకలో పుల్లలు పాతి, వాటి మధ్య తాళ్ళు కట్టి, తాడుకు జానెడు జానెడు దూరంలో నాచు రెమ్మలను చిన్న దారంతో ముడివేస్తారు. నడుము వంచి వరినాట్లు వేసినట్టే ఉంటుంది. ఒకటిన్నర నెలకు రెమ్మ గుబురుగా పెరుగుతుంది, కోసి ఒడ్డున ఎండబెట్టి అమ్ముతారు. టూత్‌పేస్టులో, ఐస్‌క్రీములో చిక్కదనానికి వాడే పదార్థం ఆ నాచు నుంచే తీస్తారు. 1980ల చివర ఈ సాగు మొదలయ్యాక చాలామంది ఆడవాళ్ళకు మొదటిసారి తమ చేతిలో తమ డబ్బు ఆడింది. ఇప్పుడు సముద్రం వేడెక్కి, మంచి ధర పలికే రకం ఒడ్డు దగ్గర చచ్చిపోతోంది. బతకాలంటే లోతు నీళ్ళలో వెయ్యాలి, వాళ్ళలో చాలామందికి ఈత రాదు. పాజెలో నాచు కేంద్రం ఉంది, డబ్బు కట్టి వాళ్ళతో మళ్ళలోకి నడవవచ్చు, నాచు సబ్బులు కొనుక్కోవచ్చు. వెళ్ళండి. ఆ తాళ్ళను తొక్కకండి, అడగకుండా ఆ ఆడవాళ్ళ ఫొటో తీయకండి. మీకు ఆడుకునే ఇసుక, వాళ్ళకు పొలం.

నీళ్ళలో నడిచేటప్పుడు అందరికీ రబ్బరు చెప్పులు ఉండాలి, రాళ్ళ మధ్య ముళ్ళ సముద్రపు జీవులు ఉంటాయి. నక్షత్ర చేపలను ఫొటో కోసం నీళ్ళలోంచి బయటికి తీయనివ్వకు. కిజిమ్‌కాజిలో డాల్ఫిన్ల వెంట పడవలు తరమడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది, ఆ యాత్రకు వెళ్ళకండి. దానికి బదులు జొజానీ అడవికి వెళ్ళి ఎర్ర కొలొబస్ కోతులను చూడండి, అవి అడవిలో ఈ ద్వీపాల్లో తప్ప వేరే ఎక్కడా లేవు.

మనుషులతో మెలగడం గురించి రెండు మాటలు. జనాభాలో దాదాపు అందరూ ముస్లింలు. పట్నంలో, ఊళ్ళలో భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి, ఈత బట్టలు తీరానికే పరిమితం. నీ చుడీదార్లు చక్కగా సరిపోతాయి. రంజాన్ నెలలో వస్తే పగలు వీధిలో తినకండి, తాగకండి. ఎవరితోనైనా పని ఉంటే ముందు క్షేమసమాచారాలు అడగాలి, తరువాతే పని. ఇంటివాళ్ళు ఎలా ఉన్నారు, పనులు ఎలా ఉన్నాయి అని పలకరించకుండా ధర అడిగితే వాళ్ళకు మొరటుగా తోస్తుంది. పిల్లలకు 'షికమో' నేర్పు, పెద్దవాళ్ళు కనిపిస్తే అనాలి. మీ అత్తగారికి ఎవరైనా షికమో అంటే ఆవిడ 'మరహబా' అనాలి. ఒక్కసారి అన్నారంటే ఆ వీధంతా ఆవిడకు బంధువులే. ఊళ్ళోని పిల్లలకు మిఠాయిలు, డబ్బు పంచకండి, అది వాళ్ళను బడి మాని తీరంలో తిరిగేలా చేస్తుంది. అక్కడి గాజులు, బుట్టలు, పండ్లు కొనండి, మీరిచ్చే డబ్బు ఇంట్లో పెద్దవాళ్ళకు చేరుతుంది. ఇంకొకటి, స్వాహిలి గడియారం తెల్లవారుతో మొదలవుతుంది, మన ఏడు గంటలు వాళ్ళకు ఒంటిగంట. కారు డ్రైవరుతో వేళ మాట్లాడుకున్నప్పుడు ఏ లెక్కలో చెబుతున్నాడో అడిగి ఖాయం చేసుకో.

కాగితాల పని అల్లుడుగారికి అప్పగించు. ఈ-వీసా ముందే తీసుకోవడం మంచిది. 2024 అక్టోబరు నుంచి విదేశీయులందరూ జాంజిబార్ ప్రభుత్వ సంస్థ దగ్గరే ప్రయాణ బీమా కొనాలి, పెద్దవాళ్ళకు 44 డాలర్లు, మన దేశంలో తీసుకున్న బీమా దీనికి బదులు చెల్లదు. నైరోబి మీదుగానో అడిస్ అబాబా మీదుగానో టికెట్టు కొంటే, తిరిగి వెళ్ళేటప్పుడు మన విమానాశ్రయంలో పచ్చజ్వరం (యెల్లో ఫీవర్) టీకా పత్రం అడుగుతారేమో ముందే కనుక్కోమను. ఆ పత్రం టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే చెల్లుతుంది. మలేరియా మందు విషయం మీ డాక్టరును అడుగు, రాత్రి దోమతెర వదలకండి. ప్లాస్టిక్ సంచులు తేవద్దు, ఇక్కడ నిషేధం. గవ్వలు, పగడపు ముక్కలు పట్టుకెళ్ళవద్దు.

దారెస్సలాంలో దిగి మా ఇంట్లో రెండు రోజులుండి పడవలో దాటడమే మంచిది. రెండు గంటల ప్రయాణం. ఒకే దేశమైనా రేవులో పాస్‌పోర్టు చూపించాలి, పెట్టెలో సర్దేయకండి. మీ అత్తగారికి తల తిరిగే అలవాటుంటే పడవ మధ్యలో, కింది అంతస్తులో కూర్చోబెట్టు, అరగంట ముందే మాత్ర వెయ్యి. తేదీలు అనుకోగానే టికెట్లు కొనకుండా ముందు నాకు రాయి. ఆ వారం పోటు వేళలు చూసి, మొదట పట్నమా తీరమా అన్నది తేల్చి చెబుతాను. పెదనాన్న రేవు దగ్గర పడవ టికెట్లు తీసి పెడతారు.

మీ పెద్దమ్మ