స్పోకెన్ ఇంగ్లీషు కన్నా ముందు గ్రామర్ సంగతి చూడండి

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. ఇప్పుడు బీకాం రెండో సంవత్సరం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్సెస్సీ సీజీఎల్ పరీక్ష, బ్యాంకు క్లర్కు పరీక్ష రాస్తానంటోంది. లెక్కల్లో చురుకే గానీ ఇంగ్లీషంటే హడలిపోతోంది. బ్రాడీపేటలో స్పోకెన్ ఇంగ్లీషు కోర్సులో చేర్చమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. సీజీఎల్‌కు గానీ బ్యాంకు క్లర్కుకు గానీ ఇంటర్వ్యూ లేదు. సీజీఎల్ మొదటి దశ అయిన టైర్-1లో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు జవాబుకు అర మార్కు కోత. వాక్యంలో తప్పెక్కడుందో పట్టుకోవడం, ఖాళీలు నింపడం, ప్యాసేజీ చదివి జవాబివ్వడం, ఇవీ అడిగేవి. గడగడా మాట్లాడటం నేర్పే కోర్సు వీటికి పెద్దగా అక్కరకు రాదు.

ముందు క్రియ, కర్త పొత్తు కుదరాలి. 'ది ప్రైస్ ఆఫ్ చిల్లీ బ్యాగ్స్ హావ్ ఫాలెన్' అని ఇస్తే చాలామంది పిల్లలు సరైనదే అనుకుని వదిలేస్తారు. పక్కనే 'బ్యాగ్స్' కనబడుతోంది కదా, 'హావ్' సరిపోయిందనుకుంటారు. అదే వాక్యం తెలుగులో చెప్పమనండి. 'మిర్చి బస్తాల ధర పడిపోయింది' అంటుందే గానీ 'పడిపోయాయి' అనదు. పడింది ధర, బస్తాలు కావు. కాబట్టి అక్కడ 'హాజ్' రావాలి. అమ్మాయికి వ్యాకరణ జ్ఞానం లేక కాదు, ఇంగ్లీషు వాక్యంలో కర్త ఎక్కడుందో వెతికే అలవాటు లేదంతే. రోజూ ఇంగ్లీషు పేపర్లో ఒక్క పేరా తీసుకుని, ప్రతి వాక్యంలో క్రియ కింద గీత గీసి, దాని కర్త చుట్టూ సున్నా చుట్టమనండి. నెల రోజులు ఈ పని విడవకుండా చేయాలి.

తెలుగు తప్పుదారి పట్టించే చోట్లూ ఉన్నాయి. 'రోజూ కాలేజీకి వెళ్తాను', 'రేపు కాలేజీకి వెళ్తాను' రెంటికీ మనకు ఒకటే క్రియ. అందుకే పిల్లలు 'ఐ విల్ గో టు కాలేజ్ డైలీ' అని రాస్తారు. రోజువారీ పనికి 'ఐ గో', రేపటి పనికి 'ఐ విల్ గో' అని విడదీసుకోవాలి. పన్నెండు టెన్సుల పట్టిక బట్టీ కొట్టించకండి, అది పరీక్ష హాల్లో గుర్తుకు రాదు. 'డిడ్' వచ్చాక 'వెంట్' రాయకూడదు, 'గో'నే రాయాలి. 'యెస్టర్‌డే' ఉన్న వాక్యంలో 'హావ్ సీన్' పనికిరాదు, 'సా' అనాలి. ఎక్కువగా దొర్లేవి ఇలాంటి తప్పులే.

'ఎ', 'యాన్', 'ది' అనే ఆర్టికల్స్ తెలుగులో లేవు కనుక వాటికి కాస్త టైం పడుతుంది. 'ఇన్', 'ఆన్', 'ఎట్' లాంటి ప్రిపొజిషన్లు చదువుతూ ఉంటే అవే వస్తాయి.

పుస్తకాల కోసం ఖర్చు పెట్టొద్దు. ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లీషు పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. ఆరో తరగతి నుంచి మొదలుపెట్టమనండి. డిగ్రీకొచ్చి ఆరో తరగతి పుస్తకమా అని చిన్నబుచ్చుకుంటే, ఆ పుస్తకంలోని ఒక పేజీ తప్పుల్లేకుండా సొంత మాటల్లో రాసి చూపించమనండి.

మూడు నెలలయ్యాక పాత సీజీఎల్ పేపర్లోని ఇంగ్లీషు భాగం గడియారం పెట్టి రాయించండి. 25లో 15 దాటితే పరీక్షల కోచింగ్‌లో చేర్చవచ్చు. దాటకపోతే తప్పులన్నీ ఒక నోట్‌బుక్కులో ఎక్కించి, ఏ రకం తప్పు ఎక్కువ వస్తోందో చూసి మళ్లీ అక్కడి నుంచే చదివించండి. స్పోకెన్ ఇంగ్లీషు సంగతి, బ్యాంకు ఆఫీసరు (పీఓ) ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్లాల్సి వచ్చినప్పుడు చూద్దాం.