ప్రైవేట్ అని పెడితే డేటాబేస్‌కి కనపడదా?

ప్రశ్న: అన్నా నమస్తే, మాది పెద జాలారిపేట, నాన్న మరబోటు మీద కలాసీ. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి మన ఫిషింగ్ హార్బర్ బోట్ల రికార్డు జావాలో హైబర్నేట్ (ఆబ్జెక్టుల్ని డేటాబేస్ టేబుళ్ళలో సేవ్ చేసే లైబ్రరీ) పెట్టి చేస్తున్నా. బోటు అని ఒక పేరెంట్ క్లాసు, అందులో పేరు, ఓనరు, రిజిస్ట్రేషన్ నంబరు, మూడూ ప్రైవేట్. దాన్ని ఎక్స్‌టెండ్ చేస్తూ మరబోటు, తెప్ప అని రెండు ఎంటిటీలు (డేటాబేస్‌లో సేవ్ అయ్యే క్లాసులు), ఐడీ వాటిలోనే ఉంది. ఎర్రర్ ఒక్కటీ రాదు, సేవ్ అయిపోతుంది, తీరా మరబోటు టేబుల్ తెరిచి చూస్తే ఐడీ, హార్స్‌పవర్ తప్ప ఇంకేం లేవు. కోచింగ్ సెంటర్‌లో అడిగితే ప్రైవేట్‌వి పిల్ల క్లాసుకి రావమ్మా, పబ్లిక్ చేసెయ్ అన్నారు. చేశా, అయినా అంతే.

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ పబ్లిక్‌లన్నీ తీసేసి మళ్ళీ ప్రైవేట్ పెట్టెయ్, దాని తప్పేం లేదు. ప్రైవేట్ మెంబర్లు ఇన్హెరిట్ అవ్వవని జావా రూల్స్‌లో ఉన్న మాట నిజమే, కాకపోతే దానర్థం పిల్ల క్లాసు కోడ్‌లో ఆ పేరు పెట్టి నేరుగా వాడలేవని మాత్రమే. న్యూ మరబోటు అని ఆబ్జెక్ట్ కట్టినప్పుడు పేరెంట్‌లోని ఆ మూడు ఫీల్డులూ మెమరీలో శుభ్రంగా ఉంటాయి, హైబర్నేటేమో రిఫ్లెక్షన్‌తో (ప్రోగ్రామ్ నడుస్తుండగా క్లాసు లోపలికి తొంగిచూసే జావా పద్ధతి) చదువుతుంది కాబట్టి ప్రైవేట్ అనే గడియ దానికి అడ్డే కాదు.

మరి కాలమ్‌లు ఎందుకు రాలేదంటే, నీ బోటు క్లాసు నెత్తిన ఏ యానొటేషనూ (@ పెట్టి రాసే గుర్తు) లేదు కదా, అలాంటి పేరెంట్‌లో ఉన్నదాన్ని జేపీఏ (హైబర్నేట్ పాటించే జావా స్టాండర్డ్) సేవ్ చెయ్యదు, చెయ్యట్లేదని చెప్పదు కూడా. ఇంట్లో మనిషి ఉన్నాడు గానీ రేషన్ కార్డులో పేరు ఎక్కించలేదు, నువ్వేమో తలుపులు బార్లా తీసి బియ్యం రాలేదేంటి అంటున్నావ్. క్లాసు పైన మ్యాప్డ్‌సూపర్‌క్లాస్ అని ఒక్క లైను రాయి, మూడు కాలమ్‌లూ రెండు టేబుళ్ళలోకీ వచ్చేస్తాయి. ఒకటి చూసుకో, ఐడీ యానొటేషన్ నువ్వు ఫీల్డు మీద పెట్టావా గెటర్ (ఫీల్డు విలువ తెచ్చిచ్చే మెథడ్) మీద పెట్టావా అన్నదాన్ని బట్టే మిగతావి ఎక్కడ వెతకాలో హైబర్నేట్ నిర్ణయించుకుంటుంది, ఐడీ ఫీల్డు మీద ఉంచి కాలమ్ యానొటేషన్ పేరెంట్ గెటర్ మీద రాస్తే దాన్ని పట్టించుకోదు, అదీ కిక్కురుమనకుండానే. నేనైతే అన్నీ ఫీల్డుల మీదే పెడతా.

ఇది పనిచేస్తుంది గానీ నీ ప్రాజెక్టుకి చాలదనిపిస్తోంది. మ్యాప్డ్‌సూపర్‌క్లాస్‌కి సొంత టేబుల్ ఉండదు, బోట్లన్నీ ఒకేసారి ఇమ్మని జేపీఏ స్టాండర్డ్ క్వెరీలో అడగలేవు. వైవాలో ఎవరో ఒకరు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, అప్పుడు జెట్టీలో కట్టేసి ఉండాల్సిన బోట్ల లిస్టు చూపించమ్మా అంటారు. ఇంజిన్ లేని తెప్పలకి ఆ నిషేధం వర్తించదు కాబట్టి వాటిని పక్కన పెట్టాలి కూడా. దానికి బోటునే ఎంటిటీ చేసెయ్, ఐడీని పైకి మార్చు, ఇన్హెరిటెన్స్ స్ట్రాటజీ సింగిల్ టేబుల్ పెట్టు (ఏమీ రాయకపోయినా డిఫాల్ట్ అదే). అన్నీ ఒకే టేబుల్‌లోకి వస్తాయి, ఏ రో ఏ రకమో డీటైప్ అనే కాలమ్ చెప్తుంది. నష్టమల్లా, తెప్పకి ఇంజిన్ ఉండదు గనక హార్స్‌పవర్ కాలమ్‌కి నాట్ నల్ (ఖాళీగా ఉండకూడదనే షరతు) పెట్టలేవు. అది నచ్చకపోతే జాయిన్డ్ ఉంది, దాంట్లో ప్రతి క్లాసుకీ ఒక టేబుల్, చదివిన ప్రతిసారీ జాయిన్. రెండు రకాల బోట్లకి అంత హంగామా దండగ అని నా అభిప్రాయం.

ప్రైవేట్ నిజంగా అడ్డొచ్చే చోటు వేరే ఉంది, కన్‌స్ట్రక్టర్. ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ ఒకటి ఉండాలి, అది పబ్లిక్కో ప్రొటెక్టెడో అయ్యుండాలి. ఇంకోటి, రెండు బోట్లు ఒకటేనా అని పోల్చే ఈక్వల్స్ మెథడ్‌లో అవతలి బోటు నంబరుని చుక్క పెట్టి ఫీల్డుగా లాగకు, గెటర్‌తో అడుగు. లేజీగా (డేటాని అవసరమైనప్పుడే తెచ్చేలా) వచ్చిన ఆబ్జెక్ట్ అయితే నీ చేతిలో ఉన్నది ప్రాక్సీ, అంటే హైబర్నేట్ నీ క్లాసుకి కట్టిన ఇంకో పిల్ల క్లాసు, దాని సొంత ఫీల్డులు ఖాళీగా ఉంటాయి, నీకు నల్ వస్తుంది. దీని మీద నాకు ఒక ఆదివారం మొత్తం పోయింది, మావాళ్ళు బీచ్‌కి వెళ్ళి మూరీ మిక్స్చర్ తినేసి వచ్చారు కూడా.

అన్నట్టు, ఇప్పటిదాకా సేవ్ చేసిన రికార్డుల్లో ఓనరూ నంబరూ అసలు ఎక్కనే లేదు కాబట్టి కాలమ్‌లు వచ్చాక కూడా అవి నల్‌గానే ఉంటాయి. టేబుళ్ళు డ్రాప్ చేసి నాన్న వాళ్ళ బోటుతో మొదలెట్టి మళ్ళీ ఎక్కించు.