నల్లమల వాన విడిచి దుబాయ్ పోవాలంటే గుండె జారుతున్నది

మాది అచ్చంపేట. నాకు 31 ఏండ్లు. పెండ్లయి ఎనిమిదేండ్లు. మా ఆయన అయిదేండ్ల నుంచి దుబాయ్‌లో ఒక గోదాములో స్టోర్ కీపర్. ఏడాదికోసారి నెల రోజులు వచ్చిపోతడు. బాబు యూకేజీ. మామయ్య లేడు. అత్తమ్మ నా దగ్గరే ఉంటది, ఆమెకు షుగర్. బస్టాండు దగ్గర చిన్న కుట్టు దుకాణం నడుపుతున్న. ఇద్దరు పిల్లలు నా దగ్గర పని చేస్తరు. ఈ మధ్య ఆయన జీతం పెరిగింది, ఫ్యామిలీ వీసా వస్తదట. ఏప్రిల్‌లో అక్కడి బళ్లు మొదలయ్యేసరికి రమ్మంటున్నడు. అందరూ అదృష్టవంతురాలివి అంటున్నరు. నాకు మాత్రం ఏడుపొస్తున్నది. ముసురు పట్టిన రోజు రేకుల మీద వాన చప్పుడు వినుకుంట మిషన్ తొక్కడం, ఉమామహేశ్వరం గుట్ట మీదికి మబ్బు దిగడం, ఇవన్నీ వదిలి వాన పడని ఇసుకలో ఎట్ల బతకాలె? ఆయనకు ఇదే చెప్తే "వాన కోసం మొగుణ్ని వద్దంటవా" అని నవ్విండు. ఆ నవ్వు మనసులోంచి పోతలేదు. నాది పిచ్చా? పోవాల్నా, వద్దా?
- ఒక సోదరి, నాగర్‌కర్నూల్ జిల్లా

పిచ్చి కాదమ్మా. పాలమూరు అంటే కరువు అనుకునేవాళ్లకు మీ మాట వింతగా ఉంటుందేమో గానీ, నల్లమల అంచున పుట్టినవాళ్లకు అర్థమవుతుంది. మృగశిర కార్తె వస్తుందంటే అడవి వైపు చూసే కండ్లు మీవి. మల్లెలతీర్థంలో నీళ్లు దుంకుతున్నాయని ఎవరైనా చెబితే ఆ కబురుకే ఒళ్లు చల్లబడుతుంది. ఊరు విడిచిపోయే మనిషి ఇల్లు, చుట్టాలు, స్నేహితులు యాదికొచ్చి ఏడిస్తే లోకం ఒప్పుకుంటుంది. వాన కోసం ఏడిస్తే నవ్వుతుంది. కానీ వాన కూడా చుట్టమే. ముప్పై ఏండ్లు ఏటా వచ్చిపోయిన చుట్టం.

అయితే మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. రేకుల మీద వాన చప్పుడు అన్నారు గదా, ఆ రేకులు మీ ఇంటివి కావు, మీ దుకాణానివి. వాన యాదికొచ్చినప్పుడల్లా మీరు మిషన్ ముందు కూర్చునే ఉన్నారు. మీ చేతి కింద ఇద్దరు పిల్లలు పని నేర్చుకుంటున్నారు, బతుకమ్మ పండుగకు ముందు జాకెట్ల కోసం ఆడవాళ్లు మీ గుమ్మంలో నిలబడుతున్నారు, సాయంత్రం గల్లాపెట్టెలో మీ పైసలు మీరే లెక్క పెట్టుకుంటున్నారు. దుబాయ్ పోతే వానతో పాటు ఇదంతా పోతుంది. ఇక్కడ మీరు పేరున్న మనిషి, అక్కడ ఫలానా ఆయన భార్య. మీ భయంలో ఎక్కువ పాలు ఇదేనని నాకనిపిస్తున్నది. మీ ఆయనకు వాన ముచ్చట చెప్పారు గానీ, ఈ ముచ్చట చెప్పినట్టు లేదు.

అది చెప్పండి. ఆయన డ్యూటీ దిగి అలసిపోయినప్పుడు కాదు, సెలవు రోజు పొద్దున. "నేను రానని అంటలేను. అక్కడికొస్తే నేనేమైపోతనో అని భయమైతున్నది. దుకాణం బంద్ పెడితే చేతిల పైస ఆడదు, రోజంతా నాలుగు గోడల మధ్య ఉండాలె. దీని గురించి మాట్లాడుదాం. ఆ రోజు నువ్వు నవ్వితే నాకు బాధైంది." ఇంత సూటిగా చెబితే చాలు.

ఆయన నవ్వు సంగతి కూడా ఒకసారి ఆయన వైపు నుంచి చూద్దాం. అయిదేండ్లు ఒక గదిలో నలుగురైదుగురితో సర్దుకుని, డ్యూటీ దిగి ఒక్కడే అన్నం తిని, కొడుకు పెరగడం ఫోన్‌లో చూసిన మనిషి. జీతం పెరిగి, ఫ్యామిలీ వీసా వచ్చే రోజు కోసం ఎన్నాళ్లు ఎదురుచూశాడో. ఆ సంతోషంలో ఉన్నవాడికి మీరు వాన మాట చెబితే చిన్నదిగా వినబడింది. అది తప్పే. కానీ దాంట్లో మిమ్మల్ని చులకన చేసిన దురుద్దేశం నాకు కనబడలేదు. బాబుకు ఆరేండ్లు వస్తున్నాయి. నాన్న అంటే ఏడాదికి నెల రోజులు వచ్చి బొమ్మలు ఇచ్చిపోయే మనిషి అని వాడు అనుకోకముందే ముగ్గురూ ఒక్క కప్పు కింద ఉండడం మంచిదనే నా మాట. పోవాలనే నేనంటాను. ఎప్పుడు, ఎట్లా పోవాలన్నది మాత్రం మీరు కూడా కూర్చుని తేల్చుకోవాలి.

ఎడారి గురించి తీయగా చెప్పి మిమ్మల్ని పంపను. మా చెల్లెలు షార్జాలో పదకొండేండ్లుగా ఉంటుంది. మొదటి ఎండాకాలం పొద్దున నల్లా తిప్పితే నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా వచ్చాయట. డాబా మీది ట్యాంకు మరుగుతుంది మరి. పక్కింటి మలయాళీ ఆమె ఉపాయం చెప్పింది: ఎండాకాలం గీజర్ స్విచ్ ఆపేస్తే, గది లోపల గీజర్‌లో చల్లారిన నీళ్లే స్నానానికి చన్నీళ్లు. అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు, కొన్ని రోజులు 45 కూడా దాటుతుంది. ఆపైన సముద్రపు ఉక్కపోత. ఏసీ గదిలోంచి బయటికొస్తే కండ్లద్దాల మీద ఆవిరి పడుతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో కూలీలతో పని చేయించొద్దని అక్కడి ప్రభుత్వమే నిషేధం పెట్టింది. ఆ నెలల్లో పిల్లలు పార్కుకు పోయేది రాత్రి ఎనిమిది దాటాకే.

వాన అసలే పడదని కాదు. సగటున ఏడాది మొత్తానికి వంద మిల్లీమీటర్ల లోపే, అదీ ఎక్కువగా చలికాలంలో. 2024 ఏప్రిల్ 16న మాత్రం కుండపోత కురిసింది. అక్కడ 1949లో వాన లెక్కలు రాయడం మొదలైనంక అంత వాన పడలేదు. అదే దేశంలోని అల్ ఐన్ పట్టణం దగ్గర ఒక చోట 24 గంటలు తిరగకముందే 254 మిల్లీమీటర్లు పడింది. రోడ్ల మీద కార్లు తేలాయి, విమానాలు ఆగిపోయాయి. ఆ రోజు మీ ఆయన ఏం చేశాడో అడగండి. వాన గురించి మీ ఇద్దరికీ నవ్వుకోవడానికి కాకుండా మాట్లాడుకోవడానికి ఒక ముచ్చట దొరుకుతుంది.

నవంబరు నుంచి మార్చి దాకా మాత్రం అక్కడి వాతావరణం హాయి. అందుకే నాకు తోచిన దారి ఇది. ఏప్రిల్‌లో సామాను సర్దుకుని ఒకేసారి పోకండి. ధనుర్మాసంలో పెండ్లి ముహూర్తాలుండవు గదా, మీ కుట్టుపని ఎట్లాగూ సన్నగిల్లుతుంది. డిసెంబరు నడుమ నుంచి సంక్రాంతి దాకా బాబును తీసుకుని విజిట్ వీసా మీద పోయి రండి. 30 రోజులకు, 60 రోజులకు వీసా ఇస్తారు. యూకేజీ పిల్లవాడికి నెల బడి పోతే కొంపలేమీ మునగవు. బుర్జ్ ఖలీఫా చూడొద్దని అనను, కానీ మీరు పోయేది అందుకు కాదు. ఆయన పొద్దున ఎన్నింటికి పోతాడు, ఎన్నింటికి వస్తాడు, మీరు ఉండబోయే ఇల్లు ఎక్కడ, కిందికి దిగి పాలు, కరివేపాకు తెచ్చుకునేంత దగ్గర్లో దుకాణం ఉందా, బడి బస్సు ఎక్కడ ఆగుతుంది, పక్కింట్లో పలకరించే ఆడమనిషి ఉందా. ఇవి చూడండి. డిసెంబరు చలి చూసి మోసపోకండి. అక్కడ కలిసిన ప్రతి తెలుగామెనూ ఆగస్టు ఎట్లుంటదని అడగండి.

పైసల లెక్క కాయితం మీద రాయించండి. అక్కడ ఇంటి అద్దె ఏడాదికి లెక్క. ముందు తారీకులు వేసిన చెక్కులు ఇచ్చి, ఏడాదిలో కొన్ని వాయిదాలుగా కడతారు. డిపాజిట్ వేరు, కరెంటు నీళ్ల బిల్లు వేరు. బడి ఫీజు, బస్సు ఫీజు చిన్నవి కావు. ఇంకొక కుటుంబంతో కలిసి ఫ్లాట్ పంచుకుందామని ఆయన అంటే, వంటిల్లు ఎవరిది, బాత్‌రూమ్ ఎవరిది అని ముందే అడగండి. ఒక గదిలో పిల్లవాడితో ఎండాకాలమంతా గడపడం కష్టం. జీతం పెరిగిందన్న సంబురం వేరు, ముగ్గురు బతికే ఖర్చు వేరు. ఆ లెక్క తేలకపోతే ఇంకో ఏడాది ఆగడంలో నామోషీ ఏమీ లేదు.

దుకాణం మూసేయకండి. ఇది గట్టిగా చెబుతున్నాను. మీ దగ్గర పని చేసే ఇద్దరిలో నమ్మకంగా ఉండే పిల్లకు అప్పజెప్పండి, నెలకు మీకు ఇంత అని మాట్లాడుకోండి. మిషన్లు, గిరాకీల కొలతల పుస్తకం, షాపు పేరు మీవిగానే ఉండనీయండి. అక్కడికి పోయాక కుట్టడం మొదలుపెట్టాలని చెయ్యి గుంజుతుంది, నాకు తెలుసు. భర్త వీసా మీద ఉన్న ఆడవాళ్లు పని చేయొచ్చు, కానీ వర్క్ పర్మిట్ తీసుకోవాలి. ఇంట్లో కూర్చుని పైసలకు కుట్టాలన్నా లైసెన్స్ సంగతి తెలుసుకోకుండా బోర్డు పెట్టకండి, పట్టుబడితే జరిమానా పడుతుంది. మీ సంపాదన మీ పేరున ఉన్న బ్యాంకు ఖాతాలోనే పడనీయండి.

ఇంక అత్తమ్మ. మీ ఉత్తరంలో ఆమె గురించి ఒక్క వాక్యమే ఉంది, నాకేమో ఆమె కండ్ల ముందు కదులుతున్నది. కొడుకు పోయి అయిదేండ్లు, ఇప్పుడు కోడలు, మనవడు. పాలమూరులో ముసలివాళ్లు తాళం వేసిన ఇండ్ల ముందు కూర్చోవడం కొత్త కాదు. కొత్త కాదని నొప్పి తగ్గదు. మీ ఆడబిడ్డలతో, మరుదులుంటే వాళ్లతో మీ ఆయనే మాట్లాడాలి. మీతో అనిపించొద్దు. నెలనెలా షుగర్ పరీక్షకు ఎవరు తీసుకుపోతారు, గోలీలు ఎవరు తెస్తారు, రాత్రి పూట ఎవరు తోడు. మనిషి పేరు చెప్పించండి. "అందరం చూసుకుంటం" అంటే ఎవరూ చూడరని అర్థం. డిసెంబరులో మీరు పోయి వచ్చే నెలలోనే ఈ ఏర్పాటు నడుస్తుందో లేదో తెలిసిపోతుంది. ఇంకొకటి: అక్కడ వాట్సాప్‌లో మెసేజీలు పోతాయి గానీ కాల్స్ కలవవు. బోటిమ్ లాంటి అక్కడ అనుమతి ఉన్న యాప్ ఆమె ఫోన్‌లో ఇప్పుడే వేసి, ఆ బొమ్మ ఒత్తితే మనవడు కనబడతాడని పది సార్లు చేయించండి. వాళ్ల గడియారం మనకన్నా గంటన్నర వెనుక. రాత్రి ఏడున్నరకు ఆమె అన్నం ముందు కూర్చుంటే అక్కడ ఆరు. ఆ టైముకు రోజూ చెయ్యండి.

కాయితాలు ఇప్పటి నుంచే మొదలుపెట్టండి. పెండ్లి రిజిస్టర్ కాకుంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించండి. పెండ్లి సర్టిఫికెట్, బాబు పుట్టిన సర్టిఫికెట్ మన రాష్ట్రంలో, తర్వాత కేంద్ర విదేశాంగ శాఖలో, ఆపైన ఆ దేశపు ఎంబసీలో అటెస్టేషన్ కావాలి, అక్కడికి పోయాక మరోసారి. పాస్‌పోర్టులో పేరు, సర్టిఫికెట్‌లో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా నెలలు పడుతుంది. మీ పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంచుకోండి. అత్తమ్మ చేసిచ్చే పొడులు, మసాలాల్లో గసగసాలు ఉన్నాయేమో తప్పకుండా చూడండి. మనకు కూరలో వేసే దినుసు, అక్కడ నిషేధించిన సరుకు, ఎయిర్‌పోర్టులో దొరికితే కేసు. నిద్ర గోలీలు, కొన్ని దగ్గు మందులు కూడా అంతే. డాక్టర్ చీటీ లేకుండా ఏదీ పెట్టెలో వేయకండి.

వాన దగ్గరికే మళ్లీ వస్తాను. ఒకప్పుడు మన దిక్కు జనం మేస్త్రీల వెంట డ్యాముల పనులకు, బొంబాయికి వలస పోయేవాళ్లు. చేను ఉన్నవాళ్లు చాలామంది పంటలు ఎత్తినంక పోయి, వానలు మొదలయ్యేలోపు విత్తనాలకు తిరిగొచ్చేవాళ్లు. ఎంత దూరం పోయినా రాకడ లెక్క వానతోనే. మీకూ ఆ లెక్క కుదురుతుంది. దుబాయ్ బళ్లకు పెద్ద సెలవులు వేసంగిలో కాదు, జూలై, ఆగస్టుల్లో. సరిగ్గా మన దగ్గర ముసురు పట్టే రోజుల్లో. ఏప్రిల్‌లో పోతే మీకు మొదటి ఏడాదిలో మండే నెలలు మే, జూన్, సెప్టెంబరు మాత్రమే. నడుమ రెండు నెలలు అచ్చంపేటలో, అత్తమ్మ దగ్గర, మీ మిషన్ ముందు. బతుకమ్మ జాకెట్ల కొలతలు కూడా మీరే తీసుకోవచ్చు. ఆ నెలల్లో విమాన టికెట్లు మండిపోతాయి, అందరూ అప్పుడే వస్తారు గనుక. "సెలవుల్లో చూద్దాంలే" అని వదిలేస్తే జూన్‌లో చేతిలో పైసలుండవు. అందుకే వచ్చే సెలవు రోజు ఫోన్‌లో మీ ఆయన్ని ముందుగా అడగాల్సింది ఇదొక్కటే: జూలై టికెట్ల కోసం నెలకు ఎంత పక్కకు పెడదాం?