చెక్క ఫ్లోర్, బకెట్ నీళ్లు, ఓనర్ ఉత్తరం

ప్రశ్న: అక్కా, న్యూయార్క్ క్వీన్స్‌లో ఒక పాత బిల్డింగు నాలుగో అంతస్తులో అద్దెకు దిగాం. ఇల్లంతా చెక్క ఫ్లోరే. చూసి ముచ్చటపడి లీజు మీద సంతకం పెట్టేశాం. ఇప్పుడు అదే టెన్షన్. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారికి రోజూ బకెట్ నీళ్లతో తడిగుడ్డ పెట్టకపోతే తోచదు. మూడేళ్ల బాబు పరుగులకు కింది ఫ్లాటువాళ్లు ఫిర్యాదు చేశారు. లీజు ప్రకారం 80 శాతం నేల మీద కార్పెట్ వేయాలని ఓనర్ ఉత్తరం పంపాడు. సోఫా జరిపినప్పుడు పడ్డ గీతలు వేరే. మా డిపాజిట్ మీద ఆశ వదులుకోవాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, క్వీన్స్

జవాబు: ముందు అత్తగారి బకెట్ సంగతి చూద్దాం. ఓనర్ ఉత్తరం కంటే మీకు ఎక్కువ ఖర్చు తెచ్చేది అదే. ఆ పాత బిల్డింగుల్లో వేసింది ఎక్కువగా ఓక్ చెక్క. పైన పాలిష్ పొర ఉన్నా, బద్దకీ బద్దకీ మధ్య సందుల్లోంచి నీళ్లు కిందికి దిగుతాయి. అడుగున తడి పీల్చుకున్న బద్ద అంచులు లేచి, మధ్యలో పల్లం పడుతుంది. కిటికీ వెలుతురు పడేటప్పుడు నేల మీద కూర్చుని ఓరగా చూడండి, అలలు అలలుగా కనిపిస్తే మొదలైనట్టే. దాన్ని మామూలు అరుగుదల అని వదిలేసే ఓనర్ ఉండడు.

ఆవిడకి పాలిష్ గురించి లెక్చర్ ఇవ్వకండి. ‘పూజ పీటను రోజూ నీళ్లలో నానబెడతామా అత్తయ్యా?’ అనండి, చాలు. మెత్తటి చీపురుతో ఊడ్చాక, గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. తుడిచిన చోటు నిమిషంలో ఆరిపోకపోతే గుడ్డలో నీళ్లు ఎక్కువున్నట్టు. వెనిగర్, స్టీమ్ మాప్ దగ్గరికి రానివ్వకండి. బాత్రూములో టైల్స్ ఉంటే అక్కడ బకెట్ ఆవిడకే అప్పగించండి, ఇద్దరికీ మనశ్శాంతి. దీపం కుందుల కింద అంచున్న ఇత్తడి పళ్లెం పెట్టండి. పసుపు నీళ్లు ఒలికితే అప్పటికప్పుడు తుడిచేయాలి.

ఇంకో మాట. చలికాలం రేడియేటర్ల వేడికి గాలి పొడిబారి, బద్దల మధ్య సందులు తెరుచుకుంటాయి. ఫ్లోర్ పగిలిపోతోందని కంగారుపడి బిల్డింగు మరమ్మతులు చూసే సూపర్‌ని పిలవకండి, వేసవి ఉక్కకు చాలావరకు అవే దగ్గరపడతాయి. ఈలోగా పోపుల డబ్బా బోర్లా పడిందో, ఆ ఆవాలను వాక్యూమ్‌తో లాగాల్సిందే.

ఇక 80 శాతం. ఇది సిటీ చట్టం కాదు, లీజులో రాసుకునే షరతు. కాబట్టి మీ లీజు తీసి ఆ పేరా చదవండి. సాధారణంగా వంటిల్లు, బాత్రూము లెక్కలోకి రావు. నేలకు అంటించే కార్పెట్టే వేయాలని అందులో ఉంటే తప్ప, పెద్ద రగ్గులు పరిస్తే సరిపోతుంది. నన్నడిగితే రగ్గు చవకది కొన్నా ఫరవాలేదు, డబ్బు దాని కింద వేసే ప్యాడ్ మీద పెట్టండి. పిల్లాడి అడుగుల దెబ్బ దూలాల గుండా కింది గదిలోకి దిగుతుంది, పల్చటి రగ్గు దాన్ని ఆపలేదు. మందమైన ఫెల్టుకు, అంటే దట్టంగా ఒత్తిన మెత్తటి బట్టకు, అడుగున సహజ రబ్బరు ఉన్నది తీసుకోండి. చవక పీవీసీ ప్యాడ్లు పాలిష్‌కి అతుక్కుని మరకలు మిగులుస్తాయి. పరిచాక ఫొటోలు తీసి ఓనర్‌కి ఈమెయిల్ చేయండి. కింది వాళ్ల తలుపు కూడా ఒకసారి తట్టి, ఏ టైములో, ఏ గదిలో చప్పుడు ఎక్కువో కనుక్కోండి. ఒకవేళ అది బాబు పరుగు కాక, రాత్రి పదింటికి మీరు వేసే గ్రైండర్ అయితే?

డిపాజిట్‌కి అంత భయం వద్దు. 2019లో వచ్చిన న్యూయార్క్ చట్టం ప్రకారం మామూలు అద్దె ఇళ్లకు ఒక నెల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదు. ఖాళీ చేశాక 14 రోజుల్లో పద్దుల వారీగా లెక్క చూపి మిగతాది తిరిగివ్వాలి. గడువులోగా ఆ లెక్క ఇవ్వకపోతే పైసా పట్టుకునే హక్కు పోతుంది. నడకకు పాలిష్ మసకబారడం, సన్నటి గీతలు మామూలు అరుగుదల కిందికే వస్తాయి. గోరు పెడితే దిగేంత లోతు గీత ఉంటే వాదన మొదలవుతుంది. దాన్ని అదే రంగు మైనపు పుల్లతో పూడ్చండి, సోఫా కాళ్లకు ఫెల్టు ముక్కలు అంటించండి. ఖాళీ చేసే ముందు ఇల్లు చూసి లోపాల జాబితా ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. ఆ తనిఖీ చివరి రెండు వారాల్లో, కనీసం వారం ముందే జరగాలి. జాబితాలోవి మీరే బాగుచేయించుకోవచ్చు. అప్పటికీ పేచీ పెడితే 10,000 డాలర్ల దాకా స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది, లాయర్ అక్కర్లేదు.

నదికి అవతల జెర్సీ సిటీలో ఉన్న పాఠకులు ఈ లెక్కలు పట్టుకోకండి. న్యూజెర్సీలో డిపాజిట్ నెలన్నర అద్దె దాకా తీసుకోవచ్చు, తిరిగిచ్చే గడువు 30 రోజులు.